టాప్ లింకు మూడు చుట్లు

పోయిన నెల చిట్టమూరు దాపున మా తమ్ముడి కొడుకు పొలంలో కొత్త ట్రాక్టరు దున్నుతుంటే చూడడానికి వెళ్లాను. నాగలిని ట్రాక్టరుకు మూడుచోట్ల తగిలిస్తారు. కింద రెండు ఇనుప చేతులు బరువు మోస్తే, పైనున్న కడ్డీ, అంటే టాప్ లింకు, నాగలి ముక్కు నేలలోకి ఎంత వంగాలో నిర్ణయిస్తుంది. నా ఈడువారిలో బండి తోలినవారికి ఇది కొత్త కాదు, తోలనివారి కోసం చెబుతున్నాను. ఇప్పుడు ఆ కడ్డీ స్థానంలో నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ లింకు వచ్చింది. డ్రైవరు సీటు మీదనుంచి లేవకుండానే మీట నొక్కి దాన్ని పొడిగిస్తున్నాడు, కుదిస్తున్నాడు. ఎంత కుదించావని అడిగితే, "ఎంతని ఎవురు చూస్తారు తాతా, కంటికి బాగుండేదాకా నొక్కతా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ మాట నాకు మింగుడుపడలేదు.

అరవైల తొలినాళ్లలో నేను మా ఊరి ఆసామి దగ్గర ట్రాక్టరు డ్రైవరును. ఆనాటి టాప్ లింకు మర తిప్పే ఇనుప కడ్డీ. కురచ చేస్తే నాగలి లోతుకు దిగుతుంది, పొడుగు చేస్తే పైపైన పోతుంది. నేల మారినప్పుడల్లా బండి ఆపి, దిగి, నట్టు వదులు చేసి, చుట్లు లెక్కపెడుతూ చేత్తో తిప్పాలి. ఎండాకాలంలో ఆ ఇనుము అరచేతులను బొబ్బలెక్కించేది, వానాకాలంలో తుప్పుపట్టి మొండికేసేది. ఏ కయ్యకు, అంటే ఏ మడికి, ఎన్ని చుట్లో నోటు పుస్తకంలో కయ్యకొక పేజీ చొప్పున రాసుకునేవాణ్ణి. తోటి డ్రైవర్లు నన్ను కరణం అని ఎగతాళి చేసేవారు. పట్టించుకునేవాణ్ణి కాను, ఎందుకంటే రాసినది మారదన్న నమ్మకం నాకు ఆ రోజుల్లో దండిగా ఉండేది.

ఆసామి భూమిలోనే తూర్పువైపు, పులికాట్ సరస్సు ఉప్పునీటికి దగ్గరగా ఉన్న ఒక కయ్యను మా మేనమామ కౌలుకు చేసేవాడు. ఆయన ఇంటికి తిండిగింజలు వచ్చేది ఆ ఒక్క కయ్యలోనే. అక్కడ పైన మంచి మట్టి జానెడు కూడా లేదు, కిందంతా ఉప్పు పట్టిన చవుడు. అందుకే అక్కడికి పోయినప్పుడల్లా టాప్ లింకును బాగా పొడుగు చేసి, పైమట్టిని మాత్రమే తిరగేసేవాణ్ణి. మొలగొలుకుల వడ్లు బాగానే పండేవి.

ఒక ఏడు ఆసామి ఎక్కడో లోతు దుక్కి గొప్పతనం గురించి విని వచ్చి, సరిగ్గా నేను మామ కయ్య దున్నుతున్నప్పుడే గట్టు మీద నిలబడ్డాడు. నాగటి చాలులో చెయ్యి పెట్టి చూసి, "ఇంత ఇనుము కొనింది గీతలు గీసేదానికా? లోతుగా దించరా" అన్నాడు. మామ తలగుడ్డ విప్పి చేతబట్టుకుని, కింద చవుడుందనీ, దాన్ని పైకి తెస్తే మళ్లీ కిందికి పంపడం మనవల్ల కాదనీ చెప్పుకున్నాడు. ఎద్దుల కాలం మాటలు చెప్పవద్దన్నాడు ఆసామి. మామ నావైపు చూశాడు. నేను బండి దిగాను, నట్టు వదులు చేశాను, మూడు చుట్లు కురచ చేసి బిగించాను. ఆ తర్వాత పుస్తకం తీసి, ఆసామి ఉత్తరువు మీద మూడు చుట్లు కురచ, దుక్కి లోతు జానెడు పైన అని రాసుకున్నాను. రాసిన తర్వాత నా పని నేను సక్రమంగా చేశాననే అనుకున్నాను.

నాట్లు వేసిన కొన్నాళ్లకే నారు కొసలు మాడాయి. నీరు ఇంకిన చోటల్లా తెల్లగా పొర కట్టింది, పైరు దుబ్బులు దుబ్బులుగా చచ్చిపోయింది. మంచినీళ్లు సరిగా కట్టలేదని ఆసామి నెపం మామ మీద వేసి, కౌలు మాన్పించి, కయ్యను మరొకరికి ఇస్తానన్నాడు. నేను ఊరి పెద్దల ముందు పుస్తకం విప్పి ఆ పేజీ చదివాను. ఆసామి కోపపడలేదు. పుస్తకం తీసుకుని తాపీగా చూసి, "రాసింది నువ్వే. సరే, నిజమే అనుకుందాం. ఆ మూడు చుట్లు తిప్పిన చెయ్యి ఎవురిది?" అని అడిగాడు. పెద్దలలో ఒకరు ముసిముసిగా నవ్వారు.

తిరిగి వచ్చేటప్పుడు మామ నాతోనే నడిచాడు. కాలువ దాటాక, "నువ్వు రాసిందాంట్లో తప్పేం లేదబ్బయా. ఆ పొద్దు నట్టు ముట్టకుండా నిలబడుకోనుంటే చాలు" అన్నాడు. ఆ నెలలోనే సూళ్లూరుపేటకు పోయి రైలు కట్ట మీద కూలిపనికి కుదిరాడు. మళ్లీ ఒకరి భూమి అడగలేదు. ఆసామి మీద నా కోపం ఇన్నేళ్లయినా చల్లారలేదు. అయితే ఆ కోపంలో నా వాటా ఎంతో విడదీసి చూసుకునే ఓపిక ఇప్పుడు లేదు.

ఆ కొత్త ట్రాక్టరు చూసి తిరిగి వస్తూ మామ కయ్య వైపు వెళ్లాను. కయ్య లేదు, గట్లు లేవు. అక్కడంతా రొయ్యల గుంటలు. సరస్సు ఉప్పునీటిని మోటార్లు రాత్రింబవళ్లు గుంటల్లోకి తోడుతున్నాయి. ఉప్పు తగ్గితే రొయ్య నిలవదని అక్కడి కాపలాదారు నాకు శ్రద్ధగా వివరించాడు. ఏ ఉప్పు పైకి లేచిందని ఒక మనిషిని అక్కడినుంచి లేపేశారో, ఆ ఉప్పునే ఇప్పుడు అడిగి మరీ తెచ్చుకుంటున్నారు. వద్దని చెప్పడానికి మామ లేడు, దించమనడానికి ఆసామీ లేడు. వాళ్లిద్దరూ వాదులాడుకున్న ఆ జానెడు మట్టిని కూడా ఎవరో ఎప్పుడో ఎత్తుకుపోయారు.