వేళ్ల ముందు జర జాగ

మా వదినె చనిపోయింది. ఈ మాట రాసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. చదువుతున్న మీకు ఇదొక చావు కబురు. నాకు మాత్రం ఎవరో పొరపాటున మా ఇంటికి చెప్పిన కబురులాగే ఉంది ఇంకా.

ఆమె మా ఆయనకు అక్క. నిజాంపేటలో ఒక బడిలో ఆటల టీచరు. బడులు తెరిచిన వారంలోనే, పొద్దున పిల్లల చేత డ్రిల్లు చేయిస్తూ, చేతిలో విజిల్ ఉండగానే కూలిపోయిందట. నేను మాదాపూర్‌లో, ఆఫీసు మీటింగులో ఉన్నాను. మా ఆయన ఫోన్ చేసి, "అక్క పడిపోయిందంట, నువ్వు రా" అన్నాడు. కాలు మడతపడి ఉంటుందనుకున్నాను. క్యాబ్‌లో కూర్చుని, దగ్గరలో మంచి ఎముకల డాక్టరు ఎవరున్నారా అని ఫోన్‌లో వెతికాను. దవాఖానకు వెళ్లేసరికి మా ఆయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. "లేదంట" అన్నాడు. "ఏది లేదు?" అని అడిగాను నేను.

ఆమెకు బీపీ లేదు, షుగర్ లేదు. ముందురోజు సాయంత్రమే ఫోన్ చేసింది. "శనివారం పాపను తీస్కపోదాం. బూట్లు బిగుతైనయంట, నాకు చెప్పింది" అంది. మా పాప నాకు చెప్పని సంగతి మేనత్తకు చెప్పింది.

బూట్ల సంగతి పిల్లలెవరైనా ఆమెకే చెబుతారు. చెప్పేవారు అని రాయాలి కాబోలు, చెయ్యి రావడం లేదు.

పోయినేడు కూకట్‌పల్లిలో బూట్ల దుకాణానికి వెళ్లాం. పొద్దున్నే వెళ్లొద్దామంటే ఒప్పుకోలేదు. "సాయంత్రమే పోవాలె. దినమంతా ఆడినంక పాదం జర ఉబ్బుతది. అప్పుడు సరిపోయిందే సరిపోయినట్టు." దుకాణంలో అబ్బాయి పాపను కూర్చోబెట్టి, బూట్లు తొడిగి, నా వైపు తిరిగి "ఓకేనా మేడం?" అన్నాడు.

"ఆమెనెందుకు అడుగుతవ్ బిడ్డా? తొడుక్కున్నది పాప" అంది వదినె.

పాపను నిలబెట్టింది. తాను నేల మీద కూర్చుని ముందు ఒక పాదం, తర్వాత రెండోది, బొటనవేలి ముందు తన వేలితో నొక్కి చూసింది. "రెండు పాదాలు ఒక్క తీరు ఉండవు. పెద్దదానికి సరిపోవాలె" అంది. ఒక సైజు పెద్దది తీసుకుంటే వచ్చే ఏడాదికి కూడా వస్తుంది కదా అన్నాను.

"వచ్చే ఏడాది పాదానికి వచ్చే ఏడాదే కొందాం. వేళ్ల ముందు జర జాగ ఉండాలె, మడిమ ఊడొద్దు. గంతే."

తర్వాత పాపను దుకాణం గుమ్మం దాకా ఉరకమంది. తాను వంగి, మడమ మీదే కళ్లు పెట్టి, వెనకాలే నడిచింది. కొనడానికి వచ్చినవాళ్లంతా పక్కకు జరిగి దారిచ్చారు.

వదినె వాళ్ల నాన్న బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. వదినె చిన్నప్పుడు ఆమెకు ఎప్పుడూ పెద్ద బూట్లే కొనేవాడట. "ముందట గుడ్డలు కుక్కుకొని ఉరికేదాన్ని. ఉరుకుడు కంటే బూటు ఊడకుండ సూస్కునుడే ఎక్కువైతుండె" అని నవ్వుతూ చెప్పేది. నాన్న మీద ఫిర్యాదు ఉండేది కాదు ఆ మాటలో.

ఒకసారి మా ఇంట్లో అన్నం తింటూ తన బడిలోని ఒక అమ్మాయి గురించి చెప్పింది. నాలుగో తరగతి పిల్ల. పరుగు పందెం అనగానే పక్కకు వెళ్లి కూర్చుంటుంది. బద్ధకం అన్నారు మిగతా టీచర్లు. వదినె వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుని బూట్లు విప్పించింది. వేళ్లు ఒకదాని మీదికి ఒకటి ముడుచుకుని ఉన్నాయి. బొటనవేలి గోరు నల్లబడింది.

"ఇంత నొస్తుంటే ఇంట్ల ఎందుకు చెప్పలే?"

"తాత కొన్నడు టీచర్. సరిపోతలేవంటే తాత బాధపడుతడు."

తాత ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్. ఆ సాయంత్రమే వదినె అక్కడికి వెళ్లింది. బూట్లు ఆయన చేతిలో పెట్టి, "నీ మనుమరాలు పెరిగింది పెద్దాయనా. జర సంతోషపడు" అందట. ఆయన ఆ బూట్లను తిప్పి తిప్పి చూసి, "పెరిగిందా?" అని గేటు దగ్గర నిలబడే నవ్వేశాడట. ఈ సంగతి చెబుతూ వదినె ఎడమ చేత్తో కళ్లు తుడుచుకుంది. "పాదం పెరుగుడు పిల్లల తప్పు కాదు కదా. దాస్కుంటున్నరు చూడు" అంది.

వదినె పోయిన రోజు మధ్యాహ్నమే ఆమెను ఇంటికి తెచ్చారు. బడి పిల్లలు యూనిఫాంలలోనే వచ్చారు. గేటు బయట బూట్లు విప్పి, ఒకరి వెనక ఒకరు లోపలికి నడిచారు. పెద్దగా ఎవరూ ఏడవలేదు. వాళ్లకూ మాలాగే ఏమీ అర్థమైనట్టు లేదు. ఒక పిల్ల మాత్రం ఆమె మొహం చూసి, "టీచర్ పండుకున్నదా?" అని పక్కమ్మాయిని మెల్లగా అడిగింది.

అంతలో వాన మొదలైంది.

దవాఖాన నుంచి వచ్చినప్పటి నుంచీ కుర్చీలో కదలకుండా కూర్చున్న మా ఆయన లేచి బయటికి వెళ్లాడు. తడుస్తూనే, జత తప్పకుండా, ఆ బూట్లు ఎత్తి మెట్ల కిందికి చేర్చడం మొదలుపెట్టాడు. నేను గొడుగు తీసుకెళ్తే వద్దన్నట్టు తలూపాడు. చివరికి ఒక చిన్న బూటు మిగిలింది. దాని జత కనబడలేదు. దాన్ని తడవకుండా చొక్కాలోకి దోపుకుని, వానలో వంగి, రెండోది ఎక్కడుందోనని గేటు ముందు నేలంతా వెతుకుతున్నాడు.