వైరు ఉన్నంత మేర

డీటాస్‌కి కూర్చుని మాట్లాడడం రాదు. ఈ సంగతి మా వీధిలో కుక్కలతో సహా అందరికీ తెలుసు. చాలాకాలం తెలియనిది ఆమె ఒక్కదానికే.

మాది లగూనా సరస్సు ఒడ్డున విక్టోరియా అనే ఊరు. మనుషులకంటే బాతులెక్కువ. డీటాస్ మొగుడు డెన్సియో బాతులు పెంచుతాడు, గుడ్లకి ఉప్పు పట్టించి, ఎర్ర రంగు వేసి అమ్ముతాడు. డీటాస్ ఆరేళ్ళపాటు ఇంట్లోంచే ఉద్యోగం చేసింది. ఆస్ట్రేలియాలో వడగళ్ళు పడి ఎవరి ఇంటికప్పో పగిలితే వాళ్ళు బీమా కంపెనీకి ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ వచ్చి మా వీధి చివర, బాతుల దొడ్డి పక్కన మోగేది.

వాళ్ళు మామూలుగా చెయ్యరు, మండిపడుతూ చేస్తారు. ఇల్లు కారుతోంది, మరమ్మతుకొస్తానన్న మేస్త్రీ మొహం చాటేశాడు, పోయిన వారం ఒకమ్మాయి ఒకటి చెప్పింది, ఈ వారం ఇంకొకమ్మాయి ఇంకోటి చెబుతోంది. కోపం న్యాయమైనదే. అది చేరవలసినవాళ్ళకి మాత్రం ఎప్పుడూ చేరదు, జీతానికి వినేవాళ్ళ చెవిలో పడుతుంది. డీటాస్ ఆ కోపాన్ని నడిపించి అలిసిపోయేలా చేసేది. కంప్యూటరు కిటికీ గట్టు మీద ఉండేది, తను పెరట్లో. వైరు లేని హెడ్‌సెట్ ఒకటి తనే కొనుక్కుంది, అదేమిటని అడిగినవాళ్ళు లేరు. అవతలివాళ్ళు గొంతు పెంచగానే గేటు దగ్గర్నుంచి దొడ్డి వైపు నడక మొదలు. "ఊఁ, చెప్పండి" అంటూ నడిచేది. దొడ్డి చేరేసరికి సగం కోపం ఖర్చయిపోయేది. అక్కడ బాతులు అందుకునేవి.

"ఏమిటా గోల?" అని అవతలినుంచి.

"బాతులండీ."

"ఆఫీసులో బాతులా?"

"ఇంట్లో. మా ఆయన పెంపకం. నా మాటా వినవు, ఆయన మాటా వినవు."

అంతే, అవతల మనిషి మెత్తబడేవాడు. తిరుగు నడకలో డీటాస్ అసలు ప్రశ్నలు అడిగేది: కప్పు ఏ రేకుది, నీళ్ళు ఏ గదిలోకొచ్చాయి, ఫోటోలు తీశారా. కిటికీ దగ్గరికొచ్చి టకటకా కొట్టేసేది. నాణ్యత చూసే విభాగంవాళ్ళు మొదట్లో 'వెనక పక్షుల చప్పుడు' అని మార్కులు కోశారు. ఆమె స్కోరు జట్టులో అందరికంటే పైన ఉండడం చూసి పక్షుల్ని క్షమించారు.

ఇంటి నుంచి పని అంటే స్వేచ్ఛ అని వ్యాసాలు రాసేవాళ్ళెవరూ ఆ పెరటికి రాలేదు. వచ్చుంటే, ఒక చెవిలో ఆస్ట్రేలియా అరుస్తుండగా రెండో చెవిలో ఆడపడుచు మామెంగ్ "పొయ్యి మీద అన్నం చూశావా?" అని అరవడం వినేవాళ్ళు. ఇంట్లో ఉన్న మనిషి ఖాళీగా ఉన్నట్టే లెక్క. కరెంటు పోతే ఆమె తప్పు, పక్కింటివాళ్ళ పార్సిలు అందుకోకపోతే ఆమె తప్పు. అందుకని అందరూ ఆఫీసుకి రావాలని కబురొచ్చినప్పుడు డీటాస్ ఏడవలేదు. కొత్త బూట్లు కొనుక్కుంది.

వీధంతా కలిసి వీడ్కోలు విందు చేశాం. పన్సిత్ సేమ్యా, వేపుడు చేప, మైకు పట్టుకుని పాటలు. మామెంగ్ తన వాటా పాడాక వచ్చి కూర్చుంది.

"ప్రతి శనివారం వస్తావటగా?"

"వస్తా."

"మరి ఇదంతా ఎందుకు చేసినట్టు? నిజంగా వెళ్ళిపోతున్నావనుకుని చేప కూడా వేయించాను."

"తినేశాంగా వదినా, ఇప్పుడు వెనక్కి ఎలా ఇవ్వను?"

"వెనక్కేం వద్దు. వెళ్ళు. పెరట్లో నువ్వు లేకపోతే బాతులు కాస్త నిద్రపోతాయి."

ఆఫీసేమో పట్నంలో, అలబాంగ్‌లో. మా ఊరినుంచి రోజూ వెళ్ళిరావాలంటే బతుకంతా బస్సులోనే. కాబట్టి నలుగురు ఆడవాళ్ళున్న గదిలో పైమంచం ఒకటి అద్దెకి తీసుకుంది. లేచి కూర్చుంటే తల సీలింగుకి తగిలే మంచం.

ఆఫీసు గుమ్మంలో రంగు బుడగలతో తోరణం కట్టి, 'ఇంటికి స్వాగతం' అని రాసి పెట్టారు. మనిషిని ఇంట్లోంచి లాక్కొచ్చి ఇంటికి స్వాగతం అనడానికి కొంత ధైర్యం కావాలి. పైవాళ్ళకి ఆ ధైర్యం జీతంతోపాటే వస్తుంది. డీటాస్‌కి ఇవేం పట్టలేదు. చల్లటి గాలి, ఎవరో తుడిచిన బల్ల, ఇన్నేళ్ళూ గొంతులుగా మాత్రమే తెలిసిన మనుషులు. ఎర్ర గుడ్లు బుట్టనిండా తెచ్చి అందరికీ పంచింది. ఊరినుంచొచ్చేవాళ్ళు చేతులూపుకుంటూ రాకూడదు కదా. పక్క సీటు పిల్ల పేరు లవ్లీ, నిజంగానే ఆ పేరే పెట్టారు తల్లిదండ్రులు.

"ఆతె, మీ గొంతు విని మీరు పొడుగ్గా ఉంటారనుకున్నా" అంది లవ్లీ. ఆతె అంటే అక్క.

"గొంతు నించుని ఉంటుంది. మనిషిని ఇంతే."

మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారానికి ఆమె కాల్సు చెడిపోవడం మొదలైంది. అవతలివాళ్ళు అరుస్తుంటే మధ్యలో అడ్డొచ్చేది. ఓపిగ్గా వినేచోట "అర్థమైంది, అర్థమైంది" అనేసేది, అలా అన్నవాళ్ళకి ఏమీ అర్థంకాలేదని ఆస్ట్రేలియాలో కూడా తెలుసు. ఒకాయన మీ పైవాళ్ళకివ్వు అన్నాడు. ఆరేళ్ళలో ఆ మాట ఆమె వినలేదు. ఆ నెల స్కోరు పట్టికలో పైనుంచి వెతికితే కనిపించలేదు, కిందనుంచి వెతికితే వెంటనే దొరికింది.

జట్టు పెద్ద ఎల్మర్. టీఎల్ ఎల్మర్ అంటారు, పేరుకి ముందు హోదా తగిలించడం ఈ కాల్ సెంటర్లలో మర్యాద. ఆమెకంటే చిన్నవాడు, మంచివాడు, భయస్థుడు. గాజు గదిలోకి పిలిచాడు.

"ఏమైంది ఆతె? మీరింట్లో ఉన్నప్పుడు కొత్తవాళ్ళందరికీ మీ కాల్సే వినిపించేవాణ్ణి. ఇప్పుడు దాచాల్సొస్తోంది."

"దాచండి టీఎల్. నన్ను దాచాలంటే పెద్ద బీరువా చూసుకోవాలి."

అతను నవ్వి, వెంటనే మానేశాడు. "వచ్చే నెల కూడా ఇలాగే ఉంటే మీ పేరు దిద్దుబాటు జాబితాలో పెట్టాలి. నా చేతిలో లేదు."

ఆ జాబితాలోకెక్కినవాళ్ళు ఎటుపోతారో ఆ అంతస్తులో అందరికీ తెలుసు. డీటాస్‌కి నలభైమూడేళ్ళు. బాతులు ఒక నెల పెడతాయి, ఒక నెల అలుగుతాయి. ఇల్లు నడిచేది ఆమె జీతం మీద. అంతకంటే లోపల గుచ్చుకున్నది వేరు. తనకి బాగా వచ్చిన పని ఒక్కటే ఉంది, ఆ ఒక్కటీ చేతిలోంచి జారిపోతోంది, ఎందుకో తెలియడం లేదు.

కారణాలు చెప్పేవాళ్ళకి కొదవలేదు. ఎల్మర్ ఇంటి మీద బెంగ అన్నాడు. గదిలో కింది మంచమావిడ వయసు అంది. సిబ్బంది విభాగం వాళ్ళు కౌన్సెలింగ్ చేసే ఒక సౌమ్యమైన అమ్మాయి దగ్గరికి పంపారు. ఆ అమ్మాయి కళ్ళు మూసుకోమంది, ఊపిరి పీల్చమంది.

"మీ మనసు మీద ఏ బరువుందో చెప్పండి."

"మనసు మీదేం లేదమ్మా. ఈ కుర్చీలో కూర్చుంటే ఒళ్ళంతా చీమలు పాకినట్టుంటుంది. అంతే."

"ఆ చీమల పేరేమిటనుకుంటున్నారు?"

డీటాస్ కళ్ళు తెరిచింది. థాంక్స్ చెప్పి వచ్చేసింది.

విషయం తేల్చింది లవ్లీ, అదీ కోపంతో. లవ్లీ కంప్యూటరు కాల్ మధ్యలో చటుక్కున ఆరిపోతోంది. ముందు రెండుసార్లు మిషన్ మార్చారు. మూడోసారి ఆరిపోయేసరికి లవ్లీ హెడ్‌సెట్ పీకేసి బల్ల కిందికి దూరింది. పైకి రాకుండా అక్కడినుంచే అడిగింది.

"ఆతె, మీ కాళ్ళు ఎక్కడికెళ్తున్నాయి?"

డీటాస్ అప్పుడే ఒక కాల్ ముగించింది. "ఎక్కడికీ వెళ్ళట్లేదే."

"వెళ్తున్నాయి. కూర్చునే నడుస్తున్నారు మీరు. నా ప్లగ్గుని తొక్కుకుంటూ."

డీటాస్ వంగి చూసింది. కొత్త బూట్లు ఒక పక్కన పడున్నాయి. మేజోళ్ళలో తన పాదాలు ఒకదాని తర్వాత ఒకటి నేలని తోస్తున్నాయి, వాటి యజమానితో సంబంధం లేనట్టు. ఇంకొకరి కాళ్ళని చూసినట్టు చూసింది. అవి గేటు దగ్గర్నుంచి బయల్దేరి దొడ్డి వైపు వెళ్తున్నాయి. నెలన్నరగా బయల్దేరుతూనే ఉన్నాయి, ఒక్కసారీ చేరలేదు.

"మరి ఇంట్లో ఏం చేసేవారు?" అంది లవ్లీ, మోకాళ్ళ మీద దుమ్ము దులుపుకుంటూ.

"నడిచేదాన్ని."

"కాల్‌లోనా? అందరి కాల్సూ నడుస్తూనేనా?"

"నడుస్తున్నానని ఎవరు చూసుకుంటారే? అవతల ఆయన ఇల్లు కూలిందంటుంటే."

ఎల్మర్ దగ్గరికి వెళ్ళి వైరు లేని హెడ్‌సెట్ అడిగింది. కుదరదు, ఆ అంతస్తులో సమాచార భద్రత. నించుని మాట్లాడతానంది. ఎల్మర్ మెడ గోక్కున్నాడు.

"వరసలో ఒకరు లేచి నించుంటే బావుండదు ఆతె. క్లయింటు తరఫువాళ్ళు చూడ్డానికొస్తే?"

"వాళ్ళకి కావాల్సింది నా గొంతా, నా నడుమా?"

"మీరు లేస్తే అందరూ లేస్తారు."

"లేవనీండి. కూర్చున్నందుకు మనకేమైనా బహుమతిచ్చారా?"

"ఆతె, నాకూ పిల్లలున్నారు" అన్నాడు ఎల్మర్. డీటాస్ తన సీటుకి తిరిగొచ్చింది.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో వడగళ్ళ వాన పడిన రోజు ఈ మొత్తం వ్యవహారం తనంతట తనే తేలింది. పొద్దున్నుంచే కాల్సు బారులు తీరాయి. ముందు రోజు లవ్లీ బజారునుంచి పొడుగు వైరొకటి తెచ్చి, "నా ప్లగ్గు కోసం, మీ కోసం కాదు" అంటూ డీటాస్ హెడ్‌సెట్‌కి తగిలించింది. ఆ రోజు మొదటి అరుపు చెవిలో పడగానే డీటాస్ కుర్చీ వెనక్కి తోసి లేచింది. వరస చివరి సీటు కాబట్టి పక్కన కాస్త నడవా ఉంది. వైరు సాగినంత దూరం, నాలుగడుగులు వెళ్ళింది, వైరు లాగింది, వెనక్కి తిరిగింది. మళ్ళీ వెళ్ళింది. గుంజకి కట్టిన మేకలా ఉంది చూడ్డానికి. గొంతు మాత్రం ఎక్కడినుంచో తిరిగొచ్చింది.

"ఊఁ, చెప్పండి."

ఎల్మర్ గాజు గదిలోంచి చూశాడు. చూసి, కుర్చీ గోడవైపుకి తిప్పుకుని, గోడమీద ఎన్ని కాల్సు ఆగి ఉన్నాయో చూపే క్యూ బోర్డునే చూస్తూ కూర్చున్నాడు. అనుమతి ఇవ్వలేనివాడు ఇవ్వగలిగిన అనుమతి అది.

మధ్యాహ్నానికి నోరీన్ అనే ముసలావిడ ఫోన్ వచ్చింది. పాత క్లెయిమ్, ఏడాదిగా డీటాసే చూస్తోంది. ఇన్నాళ్ళకి బాగైన కప్పు మళ్ళీ పగిలింది. మొదట తిట్టింది. తర్వాత చప్పున ఆగింది.

"నీ బాతులేవీ? వినపడవేం? పోయాయా?"

"బాగానే ఉన్నాయండీ. నన్నే ఆఫీసుకి మార్చారు."

"వాటిని పిలవలేదా?"

"వాటికి జాబితాలంటే భయం లేదండీ. రమ్మన్నా రావు."

నోరీన్ పగలబడి నవ్వింది. తర్వాత దగ్గొచ్చింది, దగ్గు తగ్గాక ఏ గదిలోకి నీళ్ళొచ్చాయో చెప్పింది.

ఆ నెల స్కోరు లేచింది. జాబితా తప్పిపోయింది. పైవాళ్ళు దీన్నుంచి నేర్చుకోవలసింది నేర్చుకున్నారు: మెట్ల దగ్గర గోడకి డీటాస్ ఫోటో పెద్దదిగా పెట్టి, కింద 'కలిసి కూర్చుంటే గెలుపు మనదే' అని రాశారు. ఫోటో తీసేవాడు ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టుకోమన్నాడట. లవ్లీ దాని పక్కన నించుని ఫోటో దిగి మా అందరికీ పంపింది. మామెంగ్ అది చూసి, "ఇదెవరు?" అంది.

ఆ శనివారం డీటాస్ ఇంటికొచ్చింది. సాయంత్రం లవ్లీ ఫోన్ చేసింది, ఏదో ఆఫీసు కబురు. డీటాస్ మాట్లాడుతూ పెరట్లోకి నడిచింది. డెన్సియో దొడ్డి దగ్గర గుడ్లు ఏరుతున్నాడు. బాతులు మామూలుగానే ఆమె వెనక బయల్దేరాయి. గేటు దగ్గర్నుంచి నాలుగడుగులేసి ఆమె గిరుక్కున వెనక్కి తిరిగింది. ముందున్న బాతు ఆమె కాలికి తగిలి కూలబడింది, వెనకవి దాని మీద పడ్డాయి. ఆమె చూసుకోలేదు. మళ్ళీ గేటు, మళ్ళీ నాలుగడుగులు, మళ్ళీ వెనక్కి. పెరడంతా ముందు ఖాళీగా పడుంది.

ఫోన్ అయ్యాక డెన్సియో బుట్ట కింద పెట్టాడు.

"దొడ్డి ఇటుంది" అన్నాడు.

"తెలుసు."

"మరి రావేం?"

డీటాస్ కిందికి చూసింది. తను తిరిగిన చోట మట్టి గీసుకుపోయి ఉంది. బాతులు కాస్త దూరంగా ఆగి, ఈసారి ఎటు తిరుగుతుందో తెలియక మెడలు చాపి చూస్తున్నాయి. ఆమె ఫోన్ తీసుకెళ్ళి కిటికీ గట్టు మీద పెట్టింది. చేతులు రెండూ ఖాళీ చేసుకుని గేటు దగ్గరికి వెళ్ళి, అక్కడినుంచి బయల్దేరింది. నాలుగడుగుల దగ్గర ఒంట్లో ఏదో పట్టి లాగింది. ఆగిపోయింది.

"రా" అన్నాడు డెన్సియో.

"ఆగు, వస్తున్నా" అంది, అక్కడే నించుని.