గోల్ పడ్డప్పుడు సెక్రటరీ గారు

ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు సెక్రటరీ గారికి ఉన్న జబ్బు ఒక్కటే. అవతలి జట్టు గోల్ కొట్టే సమయానికి ఆయన వంగి బూటు లేసు కట్టుకుంటూ ఉంటారు. గోల్ చూడలేదంటారు. చూడనిది రాయనంటారు.

వృత్తి గడియారాల మరమ్మతు కనుక మిగతావన్నీ నిమిషాలతో సహా రాస్తారు. 'నాలుగూ పన్నెండుకు కుక్క మైదానంలోకి వచ్చింది, నాలుగూ పద్నాలుగుకు వెళ్లిపోయింది' అని రిజిస్టర్లో ఉంటుంది. ఆ రెండు నిమిషాల్లో పడ్డ గోల్ మాత్రం ఉండదు. ఆ లెక్కన క్లబ్బు ముప్పై ఏళ్లలో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. నిజానికి గెలిచినవి నాలుగు. వాటిలో ఒకటి, అవతలి జట్టు బస్సు దారిలో చెడిపోవడం వల్ల.

"అదేంటండీ, సరిగ్గా వాడు బంతి తన్నబోయేటప్పుడే మీ లేసు ఊడుతుందా?" అని కెప్టెన్, అంటే బేకరీ ఆయన, ఓసారి నిలదీశాడు.

"లేసుకేం తెలుస్తుందయ్యా, ఎవడు తన్నబోతున్నాడో," అన్నారు సెక్రటరీ గారు.

సెలూన్ నడిపే జల్లెడ ఒకప్పుడు ఆ క్లబ్బు గోల్‌కీపర్. ఒకే మ్యాచ్‌లో పద్నాలుగు గోల్స్ వదిలి ఆ పేరు సంపాదించుకున్నాడు. "భయపడకండి, నా చేతిలోంచి కత్తి ఎప్పుడూ జారలేదు, జారేది బంతే," అని గడ్డానికి కూర్చున్నవాళ్లకు తనే చెప్పి నవ్వించేవాడు. ఆ మ్యాచ్ తర్వాత సెక్రటరీ గారికి నడుం పట్టేసి మూడు రోజులు షాపు తెరవలేదు. "గోల్స్ వదిలింది నేను, నడుం పట్టింది ఆయనకి," అన్నది కూడా జల్లెడ జోకుల్లో ఒకటి.

కూతురి దగ్గర మాత్రం ఈ జోకులు నడవలేదు. ఆ పేరెందుకొచ్చిందని చిన్నప్పుడు అడిగితే, "మా ఇంట్లో పిండి నేనే జల్లించేవాణ్ని," అని తప్పించుకున్నాడు. ఇప్పుడు ఆ పిల్లే, నాన్నలా గోల్‌కీపర్ అవుతానని క్లబ్బులో చేరింది. ఆమె మొదటి మ్యాచ్ సరిగ్గా క్లబ్బు ముప్పయ్యో వార్షికోత్సవం రోజున పడింది. ఆటకు ముందు సెక్రటరీ గారు క్లబ్బు చరిత్ర చదవాలి. ఈసారి స్కోర్లతో సహా ఉండాలని కెప్టెన్ హుకుం.

ఆ మాట జల్లెడ చెవిన పడింది. గడియారాల షాపుకు పరిగెత్తాడు.

"సెక్రటరీ గారూ, ఆ పద్నాలుగు మాట ఎత్తకండి. పిల్ల వింటుంది."

కంటికి బిగించుకున్న భూతద్దం తీయకుండానే ఆయన, "ఉన్నదున్నట్టు చదువుతానోయ్. నిమిషాలతో సహా," అన్నారు.

ఆదివారం జల్లెడ తేలు కుట్టిన దొంగలా వెనక వరసలో కూర్చున్నాడు. కుక్కలు, వానలు, చిరిగిన బంతులు అన్నీ అయ్యాక ఆ మ్యాచ్ వచ్చింది.

"మన గోల్‌కీపర్ ఆపిన బంతులు ముప్పై ఒకటి. ఇరవై రెండోది మొహంతో ఆపాడు. అయిదూ మూడుకు ముక్కులోంచి రక్తం. మార్చడానికి ఇంకో మనిషి లేడు. గుడ్డ కట్టుకుని చివరిదాకా నిలబడ్డాడు."

"మరి స్కోరో?" అన్నాడు కెప్టెన్.

"అప్పుడు లేసు కట్టుకుంటున్నాను."

"పద్నాలుగుసార్లూనా?"

"పాత లేసయ్యా."

అందరూ నవ్వారు. జల్లెడ మాత్రం పద్నాలుగుసార్లు వంగి పట్టేసిన ఆ నడుం ఎవరి కోసం వంగిందో ఇన్నేళ్లకు లెక్క తేలి, నవ్వాలో ఏడవాలో తెలియక కూర్చున్నాడు. అంతలో కూతురు గ్లోవ్స్ తొడుక్కుంటూ పక్కకొచ్చింది.

"పద్నాలుగు సంగతి నాకు బళ్లో చేరిన రోజే చెప్పారు నాన్నా. ముప్పై ఒకటి సంగతే ఎవరూ చెప్పలేదు," అని మైదానంలోకి పరిగెత్తింది.

అవతలి జట్టువాళ్లు తాటిచెట్లంత ఉన్నారు. ఆమె నాలుగు బంతులు ఆపింది. "నాలుగు," అని జల్లెడ పైకే లెక్కపెట్టాడు. అయిదోది రివ్వున వస్తోంది. అది ఆగేది కాదని ముప్పై ఒకటి ఆపినవాడికి తెలిసిపోయింది. అతను గబుక్కున కిందికి వంగి పాదాల దగ్గర చేతులు పెట్టాడు. చదవడం అయ్యాక పక్కకొచ్చి కూర్చున్న సెక్రటరీ గారు అప్పటికే వంగి ఉన్నారు.

ఆయన జల్లెడ కాళ్లకున్న చెప్పుల వంక చూశారు.

"గట్టిగా కట్టుకోవోయ్. ఇంకా గంట ఆట ఉంది."