వెర్నా హూడాక్ వెనక్కి పంపిన లారీ

వెర్నా హూడాక్ అరచేతులు గరుకు కాగితంలా ఉండేవి. ముప్పై ఏళ్లు సిమెంటులో నానిన చేతులు మరి. అయినా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉండగానే ఆవిడ భుజం మీంచి లోపలికి తొంగిచూసి, "మీ ఆయన లేడా అమ్మా? కాంక్రీటు పని గురించి మాట్లాడాలి" అనేవాళ్లు బ్రాడిక్ ఊళ్లో బోలెడుమంది ఉండేవారు.

వాళ్లకి తెలియక కాదు. ఉక్కు మిల్లులో గచ్చులు చేసిన ఆవిడ తండ్రి పాల్ సబోకి కొడుకుల్లేరని, పెద్దకూతుర్నే వెంటపెట్టుకుని తిరిగేవాడని నది ఒడ్డున అందరికీ తెలుసు. పందొమ్మిదేళ్లకే వెర్నా మోకాళ్ల కింద చెక్కలు వేసుకుని, తాపీ పట్టి, తండ్రికంటే నున్నగా గచ్చు తీసేది. తండ్రి పోయాక కంపెనీ పెట్టింది ఆవిడే. పని ఒప్పుకునేది, ధర కట్టేది, కూలీలను పెట్టుకునేది అన్నీ ఆవిడే. మిల్లు మూతపడ్డాక భర్త రూడీ వచ్చి ఆ కంపెనీ లారీ తోలడం మొదలుపెట్టాడు.

రూడీ బంగారంలాంటి మనిషి. నోరు ఒక్కటే ఊరుకోదు. వెర్నాని ఎవరేమడిగినా జవాబు ఆయన దగ్గర సిద్ధంగా ఉండేది. తెలిసినదైతే ఒక్క మాటలో, తెలియనిదైతే పది మాటల్లో చెప్పేవాడు. అందులో దురుద్దేశమేమీ లేదు. పెళ్లాం కష్టపడుతోంది, కనీసం మాట్లాడే శ్రమైనా తప్పిద్దామనుకునేవాడు, అంతే.

ఇన్నేళ్లలో వాళ్లకి దొరికినవన్నీ ఇళ్ల మెట్లు, కారు షెడ్లు, చర్చి ఆవరణలు. ఊరి రోడ్ల పని ఒక్కటీ రాలేదు. పెద్ద కాంట్రాక్టర్లు తమ వెనకాల తిరిగేవాళ్లకే పంచుకునేవారు. వెర్నా వెళ్లి అడిగితే, "మీది చిన్న కంపెనీ కదమ్మా" అనేవారు. పెద్ద పని ఇవ్వకుండా చిన్న కంపెనీ పెద్దదెలా అవుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

దానికో దారి ఉందని ఆవిడకి కౌంటీ ఆఫీసు గోడమీద అంటించిన కాగితం చెప్పింది. కేంద్ర ప్రభుత్వం రోడ్లకీ బస్సులకీ ఇచ్చే డబ్బుతో కౌంటీ చేయించే పనుల్లో కొంత వాటా, ఇన్నాళ్లూ గుమ్మం బయటే నిలబడ్డ ఆడవాళ్ల కంపెనీలకీ, నల్లవాళ్ల కంపెనీలకీ దక్కాలట. దానికో సర్టిఫికెట్ కావాలి. పేరు ఆడదానిది, పెత్తనం మగవాడిది అయితే మాత్రం కుదరదు. ఆ సంగతి తేల్చుకోవడానికి ఆఫీసు నుంచి మనిషి వస్తారు.

వచ్చారు. ఒడెస్సా ప్రూయిట్ అని, నల్లజాతి ఆవిడ, యాభై దాటిన మనిషి, చేతిలో పెన్సిలు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, "ఒక పనికి ధర ఎలా కడతారు, వెర్నాగారూ?" అని అడిగింది.

"అదెంత పనండీ!" అన్నాడు రూడీ, కాఫీ పోస్తూ. చెప్పిందంతా తప్పే. ధరలో ఇనుప కడ్డీల మాటే మరిచిపోయాడు. పరాయి మనిషి ముందు మొగుణ్ణి కాదనడం దేనికని వెర్నా నోరు మూసుకుంది. అడిగిన పదమూడు ప్రశ్నల్లో తొమ్మిదింటికి ఆయనే జవాబు చెప్పాడు. పోతూపోతూ ప్రూయిట్‌గారి చేతిలో కూర పెట్టిన కజ్జికాయల్లాంటి పిరోగీల డబ్బా పెట్టబోయాడు కూడా. ఆవిడ నవ్వి, పుచ్చుకోకుండా వెళ్లిపోయింది.

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. పని నడిపేది భర్త అని కనబడుతున్నందున సర్టిఫికెట్ ఇవ్వలేము. ఏడాది ఆగి మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు.

రూడీ ఆ ఉత్తరం రెండుసార్లు చదివాడు. "నేనేం చేశానే?" అన్నాడు.

"నువ్వేం చేయలేదు. నేనే ఊరుకున్నాను," అంది వెర్నా. ఆవిడకి కోపం ఆయనమీద కాదు, తనమీద. ముప్పై ఏళ్ల పనిని ఒక గంట మర్యాదకి బలిపెట్టానన్న కోపం.

ఏడాది గడిచింది. ఈసారి ప్రూయిట్‌గారు వంటింటికి రాలేదు. పని జరిగేచోటే చూస్తానంది. అక్టోబరు నెల, చర్చి హాలు ముందు నడకదారి పోస్తున్నారు. పొద్దున్నే రూడీకి వెర్నా గట్టిగా చెప్పింది.

"నీకు దణ్ణం పెడతాను, నోరు తెరవకు."

"తెరిస్తే నా పేరు మార్చెయ్యి."

"మార్చక్కర్లేదు. ఆ పేరుతోనే లారీలో కూర్చోబెట్టి తాళం వేస్తాను."

ప్రూయిట్‌గారు కంచె పక్కన నిలబడి ప్రశ్నలు వేస్తూంటే వెర్నా జవాబులు చెబుతోంది. రూడీ జేబుల్లో చేతులు పెట్టుకుని మేఘాలు లెక్కపెడుతున్నాడు. అంతా బాగానే ఉంది. అప్పుడొచ్చింది కాంక్రీటు అమ్మేవాళ్ల లారీ. చెట్ అనే డ్రైవరు కిందికి దూకి, కాగితం పట్టుకుని, వెర్నాని దాటుకుని తిన్నగా రూడీ దగ్గరికి పోయాడు. ఇరవై ఏళ్ల అలవాటు.

"దించమంటావా గురూ?"

"దించు, దించు!" అన్నాడు రూడీ. అనేశాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

తొట్టిలోంచి మొదటి గమేళాడు కాంక్రీటు జారింది. వెర్నా వంగి చూసింది. జారకూడనంత పల్చగా జారుతోంది. సులువుగా దిగుతుందని చెట్ దారిలో నీళ్లు కలిపాడన్నమాట. ఇది పోస్తే చూడటానికి నున్నగానే వస్తుంది. రెండు శీతాకాలాలు మంచు కరగడానికి ఉప్పు చల్లేసరికి పైపొర అప్పడంలా లేచిపోతుంది.

ఆవిడ ప్రూయిట్‌గారి వంక చూసింది. పెన్సిలు కదులుతోంది. ఇప్పుడు గొడవపడితే, పని చేతకాక మొగుడితో వాదులాడే ఆడదనుకుంటుందేమో. ఊరుకుంటే పోయినేడాది లాగే అయిపోతుంది.

"ఆపు!" అంది వెర్నా. ఆ కేక చర్చి లోపలికి వినబడింది.

"రూడీ దించమన్నాడుగా," అన్నాడు చెట్.

"రూడీ తప్పు చెప్పాడు."

ఆ మూడు మాటలూ మొగుడి ముందు, పరాయివాళ్ల ముందు, పెళ్లయిన ఇరవై ఏడేళ్లలో మొదటిసారి అంది. ఎంత పల్చనైందో కొలవడానికి ఇనప గరాటా బోర్లించి, ఆ కాంక్రీటుతో మూడు విడతలుగా నింపి, ఒక్కో విడతా ఇరవై అయిదుసార్లు కడ్డీతో పొడిచి, గరాటా పైకి లాగింది. కుప్ప చతికిలబడిపోయింది. టేపు పెట్టి చూసింది. నాలుగంగుళాలు కుంగాల్సింది ఏడంగుళాలు కుంగింది.

"తీసుకుపో. నీళ్లు కలపనిది తీసుకురా."

"పొద్దంతా పోతుంది మీకు," అన్నాడు చెట్, రూడీ వైపు చూస్తూ. "నువ్వైనా చెప్పు గురూ!"

ప్రూయిట్‌గారు కూడా రూడీ వైపే తిరిగింది. "మీరు దించమన్నారు. ఆవిడ వద్దన్నారు. ఎవరిది సరి, హూడాక్‌గారూ?"

రూడీ మొహం ఎర్రబడింది. జవాబు చెప్పడమంటే ఆయనకి ఊపిరి తీసుకోవడమంత తేలిక. ఆ ఒక్కసారి మాత్రం చాలాసేపు పట్టింది.

"నాకు తెలీదండీ," అన్నాడు. "నిజంగానే తెలీదు. నేను లారీ తోలతాను. కాంక్రీటు సంగతి ఆవిణ్ణే అడగండి."

వెర్నా తాపీ కడుక్కునే నెపంతో అటు తిరిగింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సర్టిఫికెట్ వచ్చినా రాకపోయినా ఆ మాట తనకి చాలనిపించింది.

సర్టిఫికెట్ కూడా వచ్చింది, ఆరువారాలకి. దాన్ని పటం కట్టించి ఫోను పక్కన తగిలించింది రూడీయే.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఆ ఫోను మోగింది. వెర్నా పిండి చేతులతో పిరోగీలు ఒత్తుతోంది. రూడీ తీశాడు. అవతల, ఒకప్పుడు "చిన్న కంపెనీ" అన్న పెద్ద కాంట్రాక్టరు.

"రూడీ! తొమ్మిదో వీధి బస్టాపుల దగ్గర కాలిబాట మీకిద్దామనుకుంటున్నాం. అడుగుకి ఎంతకి చేస్తావో చెప్పు."

అంకె రూడీ నాలుక చివర ఆడింది. మింగేశాడు.

"నన్నడిగితే ఏం లాభం? ఉండండి, ఓనరుగారిని పిలుస్తాను," అని ఫోను మీద చెయ్యి మూసి వంటింట్లోకి చూశాడు. "వెర్నా, నీకే!"

వెర్నా పిరోగీ అంచు నొక్కడం పూర్తిచేసింది. మరొకటి తీసుకుంది.

"చేతులు కడుక్కుని వస్తాను," అంది. "ఆగమను."