రెండు కొసల మర్యాద

"హలో మల్లికార్జున్ సార్, మళ్ల గదే పిచ్చిరాత! అక్షరం ఒక్కటి సక్కగ లేదు. ఏందీ, మీ దిక్కు మారుస్తాండ్రా? సరే సార్."

మిషన్ హాల్లో తీగ కలుపుతున్న కంపెనీ ఇంజనీరుతో మాట్లాడి ఫోను పెట్టేసిన శకుంతల, తన బల్ల మీది టెర్మినల్ వెనక్కి వంగి తనవైపు స్విచ్చులూ సవరించింది. తీగకు రెండు కొసలా ఒకే వేగం ఉంటేనే అక్షరం అక్షరంలా వస్తుంది.

పక్కన స్టూలు మీద సారంగపాణి తెరలోకి తొంగిచూశాడు. హనుమకొండలో అతనిది రేడియో రిపేరు దుకాణం. పని చూసి నేర్చిందే. ఎనభై ఆరులో కాలేజీకి కంప్యూటరు వచ్చినప్పటి నుంచి, గిరాకీ లేని మధ్యాహ్నాలు ఇక్కడికే వస్తాడు. శకుంతల మాట వినడమంటే అతనికి దూరపు స్టేషను దొరికినంత సంబరం.

"ఇది పలకకపోతే ఏమైతది చెల్లె?"

"మూడు గంటలకు ప్రిన్సిపాలు రాజేశ్వర్ రావు సార్ చూడనీకి వస్తడన్నా. పలికితే ఈ డబ్బా నా బల్ల మీదుంటది, లేకుంటే స్టోరు రూముకే. మిషన్ హాలు ఆ కొసకాయె! కరెంటు పోయొచ్చినప్పుడల్లా మిషన్ను లేపనీకి ఎర్రటెండల గ్రౌండు దాటి ఉరుకుడే నా గతి."

శకుంతల కొత్తవాడ పిల్ల. తండ్రి కట్టయ్య నేసిన జంపఖానా మీద సుద్దతో అక్షరాలు గీసుకుని, వాటి మీద వేళ్లాడించి టైపు నేర్చుకుంది. "మా పిల్ల జంపఖానాతోటి ముచ్చట పెడుతాంది" అని కట్టయ్య వాడంతా చెప్పి నవ్వేవాడు.

ఫోను మోగింది. "మేడమ్, నా దిక్కు వేగం తగ్గించి మీ పన్నెండు వందలకు వచ్చిన."

"అయ్యో సార్! మీ కోసమని నేను తొంభై ఆరు వందలకు పోయిన!"

పొద్దుటి నుంచీ ఇదే వరస. సారంగపాణి కడుపు పట్టుకుని నవ్వాడు. "ఒకరికొకరు తోవ ఇచ్చుకుంట ఇద్దరూ వాకిట్లనే నిలబడ్డరు పో!"

శకుంతలకూ నవ్వాగలేదు. "ఇనుండ్రి సార్. మా పెద్ద మగ్గం మీద ఇద్దరు కూసుంటరు. నాయిన పోగుల లెక్క పలుకుతడు, అమ్మ ఇని నేస్తది. ఇద్దరూ పలికితే పువ్వు పిల్లి మొగమైతది. మీరు చేతులు కట్టుకొని కూసోండ్రి, నేనొక్కదాన్నే మారుస్త."

స్విచ్చు జరిపి మీట నొక్కింది. తెర మీద అక్షరాలు ముత్యాల్లా బారుతీరాయి. పేరు చెప్పమని అడుగుతోంది మిషను!

"పలికింది!" సారంగపాణి స్టూలు మీంచి లేచి ఎగిరాడు. శకుంతల చప్పట్లు కొట్టి, తన పేరు కొట్టింది. గ్రౌండు అవతలి మిషను వెంటనే బదులిచ్చింది.

మళ్లీ ఫోను. "మంచిగొచ్చిందా మేడమ్? మీకింకా సులువైతదంటే జర వేగం పెంచనా?"

ఆమె గాభరాగా రిసీవరుకు అరచెయ్యి అడ్డం పెట్టింది.

"అన్నా, నీకు దండం పెడత, జల్ది మిషన్ హాలుకు ఉరుకు. రాజేశ్వర్ రావు సార్ చూసి పోయేదాక ఆ మంచి మనిషి రెండు చేతులూ పట్టుకొని కూసో!"