వాన లేనినాటి ఇంగ్లీషు

గురుకులం నుంచి సెలవులకు వచ్చిన మనవరాలు ఇంగ్లీషు జాతీయాలు బట్టీ పడుతోంది. "అవ్వా, 'ఇట్స్ రైనింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' అంటే కుండపోత వాన" అంది. అది నాకెప్పుడో తెలుసు.

కొత్తకోట బడిలో, ఆరో తరగతిలో, అది మా సారు నేర్పాడు. సమయం కాని సమయంలో వాడితే తప్పన్నాడు. ఆ ఏడు మృగశిర, ఆరుద్ర రెండు కార్తెలూ పొడిగానే పోయాయి. అంతకు ముందటి జల్లుకు మొలిచిన జొన్న మాడిపోయింది. నేను మాత్రం ఆ మాట వాడాలని రోజూ మబ్బులకేసి చూసేదాన్ని.

పునర్వసు కార్తెలో మా బాపు దూరపు ఊళ్లలో మట్టిపనికి మూట కట్టుకున్నాడు. కూలీలను తీసుకుపోయే మేస్త్రీ లారీ వచ్చి నిలబడింది.

"బిడ్డా, గా ఇంగ్లీషు వాన ముచ్చట జర చెప్పు, వింట."

"వానొచ్చినప్పుడే చెప్పాల్నంట బాపూ. ఊకె చెప్తే తప్పంట."

"ఓయబ్బో, పంతులమ్మ! వానొచ్చిననాడు నేనీడ ఉంటనా? ఇప్పుడే చెప్పు."

ఎర్రటి ఎండలో నిలబడి చెప్పాను. బాపు ఇంకోసారి చెప్పించుకుని లారీ ఎక్కాడు.

వాన మీది ఆశతో అడిగాడనుకున్నాను అప్పుడు. పనికి పోయే మనిషి బిడ్డ చదువును ఒక్కసారి చెవిన వేసుకుని పోవాలనుకుంటాడని నాకు పిల్లలు పుట్టాకే తెలిసింది.