కోటుకు పట్టీ

రాదోమ్ ఊరి నాటకశాలలో చలికోట్లు తీసుకునే బల్ల వెనక యాద్విగ కూర్చుందంటే, వచ్చినవాడు మేయరైనా సరే వినయంగా నిలబడాల్సిందే. చలికోటుతో హాల్లోకి పోనివ్వరు. ఆమెకు అప్పగించి నంబరు బిళ్ల తీసుకోవాలి. కాలరు లోపల కొక్కేనికి తగిలించే చిన్న పట్టీ ఉంటుంది చూశారూ, అది లేని కోటును ఆమె ముట్టుకునేది కాదు. ఉన్నా రెండుసార్లు గట్టిగా లాగి చూసేది. ఊడిందా, డబ్బాలోంచి సూదీ దారం తీసి ముందుకు తోసేది. ముత్యాల హారాలవాళ్లు సైతం నిలబడి కుట్టుకుని, లోపల్లోపల తిట్టుకుంటూ మెట్లెక్కేవాళ్లు.

"కోట్లు తగిలించేదానికి ఇంత టెక్కేమిటే?" అనేవాడు భర్త లెషెక్.

"సరిగ్గా తగిలిస్తే నీ సొమ్మేం పోయింది?"

యాద్విగకు రిటైరయ్యే రోజొచ్చింది. ఆ చోటులోకి జెనన్ అనే పాత బస్సు డ్రైవరు వచ్చాడు. మోకాళ్లు పోయాయి గాని నోరు మాత్రం భేషుగ్గా ఉంది.

"అక్కా, పట్టీ లేకపోతే కాలరునే కొక్కేనికి తగిలిస్తే పోలా?"

"కాలరు సాగిపోతుంది."

"సాగితే వాళ్లది సాగుద్ది, మనదేం సాగుద్ది?"

యాద్విగకు అర్థమైంది. తను లేచిన మర్నాడే ఇక్కడ కోట్లన్నీ గోనెసంచుల్లా కుప్ప పడతాయన్నమాట.

"ఇన్నేళ్లు నేను చేసింది పనా, పిచ్చా?" అని ఇంట్లో అడిగింది.

"రెండూను," అన్నాడు లెషెక్, సూప్ గిన్నెలోంచి తలెత్తకుండా. ఆమెకు ఏడుపొచ్చింది.

వీడ్కోలు కానుకగా తోటివాళ్లు కొత్త కోటూ, ఓ అరగంట ప్రహసనానికి ముందు వరస టిక్కెట్టూ ఇచ్చారు. ఆ నాటకశాలలో అన్నేళ్లున్నా ఆమె నాటకాలు గోడ ఇవతల నుంచి విన్నదే గాని ఏనాడూ చూడలేదు. పెదాలకు రంగేసుకుని మరీ వెళ్లింది. బల్ల దగ్గర ఎవరో డాక్టరుగారు తలొంచుకుని ఏదో కుట్టుకుంటున్నారు. ఆమె అది పట్టించుకోలేదు.

జెనన్ ఆమె కోటు తిరగేశాడు.

"పట్టీ ఏదక్కా?"

"కొత్తది కదయ్యా, చూసుకోలేదు."

"చూసుకోవాలి కదా."

వెనక నిలబడ్డవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. లోపల గంట మోగింది.

"ఈ ఒక్కసారికి కాలరునే కొక్కేనికి తగిలించు, నాయనా," అంది యాద్విగ. అవును, ఆ నోటితోనే అంది.

"కాలరు సాగిపోతుంది," అన్నాడు జెనన్. డబ్బాలోంచి ఓ పట్టీ ముక్క, సూదీ దారం తీసి ముందుకు తోశాడు.

ఆమె తన పాత స్టూలే లాక్కుని కూర్చుంది. కళ్లు చెమర్చి దారం ఒక పట్టాన సూదిలోకి ఎక్కలేదు. లోపల జనం పడీపడీ నవ్వుతున్నారు. కుట్టి ఇచ్చింది. జెనన్ రెండుసార్లు లాగాడు. పట్టీ ఊడి చేతికొచ్చింది.

"ఇంకోసారి కుట్టక్కా."

రెండోసారి ఇంకా నిదానంగా, ఇంకా దగ్గరగా కుట్టింది. అతను లాగి చూసి, బిళ్ల ఇచ్చేసరికి లోపల చప్పట్లు మోగాయి. నాటకం అయిపోయింది.

పొద్దున లెషెక్ రొట్టె కోస్తూ నాటకం ఎలా ఉందని అడిగాడు.

"అద్భుతం."

"ఎవరు బాగా చేశారు?"

"జెనన్," అంది యాద్విగ, రొట్టెకు వెన్న దట్టంగా రాస్తూ.